మన టీమ్ ప్లేయర్ మీద మనలో మనమే కొట్టుకుంటున్నప్పుడు ఏం చూడాలి, ఏం వదిలేయాలి (ఒక లీఫ్స్ ఫ్యాన్ గోడు)

ముందే చెప్తున్నా, ఇది ఐస్ హాకీ గురించి, మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు. టొరంటో చుట్టుపక్కల బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఉండే మనవాళ్ళలో, ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర నలుగురితో మాట కలపడానికని హాకీ చూడ్డం మొదలెట్టి చివరికి బీపీ తెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, నేనూ అదే బ్యాచ్. వేరే టీమ్ ఫ్యాన్స్‌తో గొడవ అసలు గొడవే కాదు, అది టైమ్‌పాస్. రక్తం మరిగేది మనవాళ్ళతోనే. ఒకే రంగు జెర్సీలు వేసుకుని ఒకే సోఫాలో కూర్చుని ఒకే ప్లేయర్‌ని చూస్తూ ఒకడేమో వీడు లేకపోతే టీమే లేదంటాడు, పక్కనోడేమో వీడు పోతే గానీ ఈ టీమ్ బాగుపడదంటాడు. ధోనీ ఆఖరి రోజుల్లో మన ఇళ్ళల్లో ఏం జరిగిందో గుర్తుందిగా, సేమ్ సీన్, గడ్డి బదులు ఐస్ అంతే.

మా ఇంట్లో ఆ ప్లేయర్ మిచ్ మార్నర్. టొరంటో మేపుల్ లీఫ్స్, నంబర్ 16, పక్కనే ఉన్న మార్కమ్‌లో పుట్టినోడు, 2015 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేది) నాలుగో పిక్. లోకల్ కుర్రాడు, సొంతూరి టీమ్, ఇంకేం కావాలి అనుకుంటాం కదా, అదే ప్రాబ్లమ్ అయింది. మా బావమరిదికి మార్నర్ పేరు వింటేనే మంట. నేనేమో వెనకేసుకొచ్చే టైపు. ఆరేడేళ్ళు ఇదే రామాయణం, ఒకసారైతే పండక్కి భోజనాల దగ్గర మొదలై పాయసం దాకా సాగి మా ఆవిడ ఇద్దరి ముందు నుంచి విస్తళ్ళు తీసేసింది. అప్పట్నుంచి నేను కొన్ని పద్ధతులు పెట్టుకున్నా, అవే ఇక్కడ రాస్తున్నా. మార్నర్ 2025లో వెళ్ళిపోయాడు కానీ అలాంటి ప్లేయర్ ప్రతి టీమ్‌లో ఎప్పుడూ ఒకడుంటాడు కాబట్టి మీకూ పనికొస్తాయి.

ఫస్ట్ చేయాల్సింది డబ్బుని ఆట నుంచి విడదీయడం. వాదన ఎక్కడ మొదలైనా రెండు నిమిషాల్లో "అంత తీసుకుంటున్నాడుగా" దగ్గరికే వస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఈ టీమ్‌లన్నీ ఆడే లీగ్‌లో, సాలరీ క్యాప్ ఉంటుంది, అంటే టీమ్ మొత్తానికి ఇంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదని ఒక లిమిట్, కాబట్టి ఒకడికి ఎక్కువిస్తే ఇంకొకడికి కోత. ఇక్కడ ఫ్యాన్స్‌కి జీతాల మీద ఏడుపు ఊరికే రాలేదు. 2019లో మార్నర్ ఆరేళ్ళకి సైన్ చేశాడు, ఏడాదికి దాదాపు 10.9 మిలియన్ డాలర్లు, అప్పటి క్యాప్ 81.5 మిలియన్లు. అదే టీమ్‌లో ఆస్టన్ మాథ్యూస్ 11.6, జాన్ టవారెస్ 11, విలియం నైలాండర్ ఏడుకి కొంచెం తక్కువ, ఈ నలుగురివీ కలిపితే నలభై దాటింది, అంటే ఇరవై మంది పైగా ఉండే టీమ్‌లో సగం డబ్బు నలుగురికే. సర్లే క్యాప్ ఏటా పెరుగుద్ది కదా తర్వాత సర్దుకుంటుందిలే అని టీమ్ అనుకుంది, ఇంతలో కోవిడ్ వచ్చింది, క్యాప్ మూడు సీజన్లు అదే 81.5 దగ్గర బిగుసుకుపోయింది. కింది లైన్లలోకి, అంటే స్టార్లు రెస్ట్ తీసుకునేటప్పుడు దిగే గ్రూపుల్లోకి, మంచి ప్లేయర్‌ని కొనడానికి డబ్బుల్లేవు, ఆ కోపమంతా ఎవరి మీద పడింది, ఆఖరున సైన్ చేసిన మార్నర్ మీద. దీంట్లో కోవిడ్ అతని తప్పా? కాదు. కానీ బేరం గట్టిగా ఆడింది మాత్రం నిజం, అది కూడా నేను ఒప్పుకుంటా.

అందుకే జీతం గురించి మాట్లాడేటప్పుడు డాలర్లు వదిలేసి శాతం చూడండి. 81.5లో 10.9 అంటే పదమూడు శాతం పైన. 2025లో వేగస్ టీమ్ అతనికి ఏడాదికి 12 ఇచ్చింది, అబ్బో అనిపిస్తుంది, కానీ 2025-26 క్యాప్ 95.5, లెక్కేస్తే పన్నెండున్నర శాతం దగ్గర, అంటే జీతం పెరిగి వాటా తగ్గింది. ఈ ఒక్క లెక్క మా బావమరిదికి ఫోన్ కాలిక్యులేటర్‌లో కొట్టి చూపిస్తే కాసేపు సైలెంట్ అయ్యాడు, తర్వాత "అయినా బావా, మనకి ఆడినప్పుడు ఎక్కువే కదా" అన్నాడు, అదీ కరెక్టే.

రెండోది నాకు బాగా ఇష్టమైన పద్ధతి, దీనికి కొంచెం ఓపిక కావాలి. ఒక పీరియడ్ మొత్తం, అంటే ఇరవై నిమిషాల ఆట, పక్‌ని (బంతి బదులు ఉండే నల్ల బిళ్ళ) చూడకండి, మీరు కొట్టుకుంటున్న ఆ ప్లేయర్‌ని మాత్రమే చూడండి. టీవీలో కుదరదు, కెమెరా పక్ వెనకే పోతుంది. వీలైతే ఒక్కసారి అరీనాకి వెళ్ళి పైన 300ల సెక్షన్‌లో కూర్చోండి, కింద సీట్లకి పెట్టే డబ్బులు ఎలాగూ మన దగ్గరుండవు, పైనుంచే ఐస్ మొత్తం క్యారమ్ బోర్డులాగా కనిపిస్తుంది. మార్నర్ లాంటి టాప్ ప్లేయర్ గేమ్‌లో ఇరవై, ఇరవై ఒక్క నిమిషాలు ఐస్ మీద ఉంటాడు, అందులో పక్ అతని కర్రకి అంటుకుని ఉండేది మొత్తం కలిపినా ఒకటి రెండు నిమిషాలే. మనం తిట్టేదీ పొగిడేదీ ఆ రెండు నిమిషాలు చూసే, మిగతా పద్దెనిమిది ఎవడూ చూడడు.

నేను ఒకసారి అలా చూశా. ఫోన్ నోట్స్ ఓపెన్ చేసి సెకండ్ పీరియడ్ అంతా 16 నంబర్‌నే ఫాలో అయ్యా, పక్కనున్నాయన నన్ను ఏదో బెట్టింగ్ బ్యాచ్ అనుకుని ఉంటాడు. పెనాల్టీ కిల్ అప్పుడు, అంటే మనవాడొకడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని మనం నలుగురం వాళ్ళు ఐదుగురు అన్నప్పుడు, మార్నర్ చేసే పని చూడాలి. బ్లూ లైన్ (ఐస్ మీద జోన్లని విడదీసే గీత) దగ్గర పక్ పట్టుకున్నవాడి మీదకి రెండడుగులు దూకినట్టు చేస్తాడు, వాడు కంగారుపడి పాస్ ఇచ్చేలోపు వెనక్కి జరిగి ఆ దారిలో కర్ర పడుకోబెట్టి ఉంటాడు. తల ఊరికే ఉండదు, రోడ్డు దాటేవాడిలా ఎడమ భుజం మీంచి ఓ చూపు, కుడి భుజం మీంచి ఓ చూపు. రెండు పాస్‌లు అలా ఆపాడు, స్టేడియంలో ఒక్కడు చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే పక్ జస్ట్ అలా పక్కకి పోయింది, స్కోర్ బోర్డ్ మీద ఏమీ మారలేదు. 2023లో సెల్కే ట్రోఫీకి, అంటే బెస్ట్ డిఫెన్సివ్ ఫార్వర్డ్ అవార్డుకి, ఆఖరి ముగ్గురిలో ఇతనొకడు ఎందుకయ్యాడో నాకు ఆరోజు అర్థమైంది.

అయితే అదే నోట్స్‌లో ఇంకోటి కూడా ఉంది, అది నా వాదనకి పనికొచ్చేది కాదు. అవతలి జోన్‌లోకి పక్ తీసుకుని లోపలికి ఎంటరయ్యాక, ఎదురుగా డిఫెన్స్‌మన్ గట్టిగా నిలబడితే మార్నర్ ఢీకొట్టడు, బోర్డ్స్ (ఐస్ చుట్టూ ఉండే గోడ) వెంబడి గుండ్రంగా తిరిగి వెనక వచ్చేవాళ్ళకోసం చూస్తాడు. ఆ పీరియడ్‌లో నాలుగు సార్లు అలా తిరిగాడు, రెండు సార్లు మంచి పాస్ పడింది, ఒకటి వేస్ట్, ఒకటి అవతలోడు లాక్కున్నాడు. మామూలు సీజన్‌లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సీజన్ అయ్యాక కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో రెఫరీలు విజిల్ తక్కువ ఊదుతారు, గోల్ ముందు జాగా ఉండదు, అక్కడ ఆ గుండ్రాలు తిరిగేవాడి కంటే నెట్ ముందు దెబ్బలు తినేవాడికి గోల్స్ వస్తాయి. బావమరిది ఆరేళ్ళుగా చెప్పేది ఇదే, కాకపోతే ఇంత పద్ధతిగా కాదు, "పిరికోడు బావా వాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, అందుకే నేను వినిపించుకోలేదు. మీ ఎదుటివాడి తిట్టులో కూడా ఒక గమనిక దాగి ఉంటుంది, తిట్టు తీసేసి గమనిక వెతకండి.

నంబర్ల దగ్గరికొద్దాం, ఇది గబగబా చెప్పేస్తా. ప్లస్-మైనస్‌ని చూసి ఎవర్నీ ఉరి తీయకండి. అదేంటంటే మీరు ఐస్ మీద ఉండగా మీ టీమ్ గోల్ కొడితే ప్లస్ ఒకటి, తింటే మైనస్ ఒకటి, పవర్‌ప్లే గోల్స్ (అవతలివాడు పెనాల్టీ బాక్స్‌లో ఉండగా కొట్టినవి) లెక్కలోకి రావు, అంతే. మీరు పడుకుని ఉన్నా మీవాడు కొడితే మీకు ప్లస్, మీ గోలీ నిద్రపోతే మీకు మైనస్. జేక్ గార్డినర్ అని ఒక డిఫెన్స్‌మన్ ఉండేవాడు, 2018లో బోస్టన్ మీద గేమ్ 7 (ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో తేల్చేసే ఆఖరి మ్యాచ్), రెండు పీరియడ్లు అయ్యేసరికి లీఫ్స్ 4-3 లీడ్‌లో ఉంది, చివరికి 7-4తో ఓడిపోయింది, గార్డినర్ మైనస్ 5. మ్యాచ్ తర్వాత కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని తప్పు నాదేనన్నాడు. తప్పులు చేశాడు, కాదనను, కానీ ఐదింటికి ఐదూ అతనివేనా అంటే కాదు. తర్వాత సీజన్ జనవరి 2019లో సొంత అరీనాలో పక్ అతని దగ్గరికి వచ్చిన ప్రతిసారీ జనం బూ అన్నారు, సొంత ఫ్యాన్సే, నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే అదోలా ఉంటుంది.

దాని బదులు, అతను ఐస్ మీద ఉన్నప్పుడు రెండు టీమ్‌లు ఎన్ని షాట్లు ట్రై చేశాయి, ఆ షాట్లు గోల్ అయ్యే ఛాన్స్ ఎంత, ఈ రెండూ చూడండి. నేచురల్ స్టాట్ ట్రిక్, మనీపక్ లాంటి సైట్లలో ఫ్రీగా ఉంటాయి. షాట్ల లెక్కని కోర్సీ అంటారు, ఛాన్స్ లెక్కని ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు. యాభై శాతం పైన ఉంటే అతను ఉన్నప్పుడు మనదే పైచేయి అని అర్థం. ఒక్క జాగ్రత్త, ఎవరి పక్కన ఆడుతున్నాడో చూడాలి. మాథ్యూస్ పక్కన ఆడితే మా బావమరిదికి కూడా నాలుగు అసిస్ట్‌లు (గోల్‌కి దారిచ్చిన పాస్‌లు) పడతాయి, ఇది అతని మాటే, మార్నర్ గురించి. దానికి జవాబు ఇద్దర్నీ విడదీసి ఆడించిన నిమిషాలు చూడ్డమే, అది ఆ సైట్లలో దొరుకుతుంది, మీరే చూస్కోండి, నేను చెప్తే ఫ్యాన్ కాబట్టి చెప్తున్నాడంటారు.

ఇప్పుడు అసలు నొప్పి, ప్లేఆఫ్స్. లీఫ్స్ ఆఖరిసారి కప్పు (స్టాన్లీ కప్, లీగ్ టైటిల్) గెలిచింది 1967లో. మార్నర్ ఉన్న తొమ్మిది సీజన్లలో గెలిచిన ప్లేఆఫ్ సిరీస్‌లు రెండే, 2023లో టాంపా మీద, 2025లో ఒటావా మీద. ఓడిన గేమ్ 7లు చెప్పనా, 2018 బోస్టన్, 2019 మళ్ళీ బోస్టన్, 2021 మాంట్రియల్ (సిరీస్‌లో 3-1 లీడ్‌లో ఉండి మరీ), 2022 టాంపా, 2024 ఇంకోసారి బోస్టన్, 2025 ఫ్లోరిడా. ఇంత చూసినోడు ఎవడో ఒకణ్ణి తిట్టకుండా ఎలా ఉంటాడు చెప్పండి. కానీ తిట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది, మామూలు సీజన్ రేటునీ ప్లేఆఫ్ రేటునీ పక్కపక్కన పెట్టడం. లీఫ్స్‌కి మార్నర్ 657 మ్యాచ్‌ల్లో 741 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), ప్లేఆఫ్స్‌లో 70 మ్యాచ్‌ల్లో 63. ఇది చూస్తే మరీ ఘోరమేం కాదుగా అనిపిస్తుంది, నేను చాలాకాలం ఇక్కడే ఆగిపోయేవాణ్ణి. ఇంకో మెట్టు కిందకి దిగితే, గోల్స్ మామూలుగా 221, అంటే మూడు మ్యాచ్‌లకి ఒకటి, ప్లేఆఫ్స్‌లో 13, అంటే ఐదు మ్యాచ్‌లకి ఒకటి కూడా సరిగ్గా లేదు. 2021 మాంట్రియల్ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లు, గోల్స్ సున్నా. కాబట్టి "ప్లేఆఫ్స్‌లో మాయమైపోతాడు" అన్నది అబద్ధం, "ప్లేఆఫ్స్‌లో గోల్ కొట్టలేడు" అన్నది చాలావరకు నిజం. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా మీదే మా ఇంట్లో ఆరేళ్ళు గడిచిపోయాయి. ఫిబ్రవరి 2025లో ఫోర్ నేషన్స్ టోర్నీలో కెనడాకి ఆడుతూ స్వీడన్ మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టాడు, ఫైనల్లో అమెరికా మీద మెక్‌డేవిడ్ కొట్టిన గెలుపు గోల్‌కి పాస్ కూడా ఇతనిదే. ఆ రాత్రి బావమరిదికి మెసేజ్ పెట్టా, "చూశావా" అని. పొద్దున రిప్లై వచ్చింది, "అది ఫిబ్రవరి బావా, మే రానీ".

మే వచ్చింది. ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా మీద 2-0 లీడ్‌లో ఉన్నాం, ఆ తర్వాత ఐదింట్లో నాలుగు ఓడిపోయాం, అందులో మన సొంత అరీనాలో ఆడిన గేమ్ 5లో 6-1, గేమ్ 7లో కూడా 6-1. ఐస్ మీదకి జెర్సీలు విసిరారు. ఇంక నేను ఏం వాదించలేదు, లైట్ ఆపేసి పడుకున్నా.

ముఖం చూసి మార్కులేయడం మాత్రం మానేయండి. 2024లో బోస్టన్ సిరీస్‌లో బెంచ్ మీద మార్నర్ గ్లవ్స్ తీసి విసిరికొట్టడం కెమెరాలో పడింది, చిన్నపిల్లాడి ఏడుపు అన్నారు. 2025 గేమ్ 7లో బెంచ్ మీద లేవండ్రా అని టీమ్ మీద అరవడం కూడా కెమెరాలో పడింది, ఇప్పుడా గుర్తొచ్చింది అన్నారు. ఊరికే కూర్చుంటే పట్టించుకోవట్లేదు అంటారు. నచ్చనివాడు ఏం చేసినా తప్పే, ఇందులో హాకీ ఏమీ లేదు, అత్తాకోడళ్ళ సంగతే.

బూ అనాలనిపించినప్పుడు చరిత్ర కాస్త గుర్తు తెచ్చుకోండి, టొరంటో ఫ్యాన్స్‌కి ఇది మరీ ముఖ్యం. లారీ మర్ఫీ అని ఒక డిఫెన్స్‌మన్, పిట్స్‌బర్గ్‌లో రెండు కప్పులు గెలిచి 1995లో ఇక్కడికొచ్చాడు. అప్పటి అరీనా మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో జనం అతన్ని ఎంతలా ఏకిపారేశారంటే 1997 మార్చిలో డెట్రాయిట్‌కి దాదాపు ఊరికే ఇచ్చేశారు. అక్కడ 1997లో కప్పు, 1998లో ఇంకో కప్పు, 2004లో హాల్ ఆఫ్ ఫేమ్, ఆ హాల్ ఆఫ్ ఫేమ్ ఉండేది ఎక్కడా, టొరంటో డౌన్‌టౌన్‌లోనే. ఫిల్ కెసల్‌ది కూడా అదే కథ, 2015లో పంపించేశాం, 2016లో 2017లో పిట్స్‌బర్గ్‌తో, 2023లో వేగస్‌తో కప్పులెత్తాడు. వాళ్ళు ఇక్కడే ఉంటే మనం గెలిచేవాళ్ళమని నేననట్లేదు, అక్కడ వాళ్ళు మూడో నాలుగో ముఖ్యమైనవాళ్ళు, ఇక్కడ మొత్తం బరువు వాళ్ళ మీదే. ప్లేయర్ చెడ్డవాడా, లేక వాడికి ఇచ్చిన పని పెద్దదా, ఈ ప్రశ్న అడగడం మనం ఎప్పుడూ మర్చిపోతాం.

రివర్స్‌లో నైలాండర్ ఉన్నాడు. 2018లో కాంట్రాక్ట్ తేలక డిసెంబర్ 1 వరకు ఆడలేదు, డెడ్‌లైన్‌కి కొన్ని నిమిషాల ముందు సైన్ చేశాడు, వచ్చాక 54 మ్యాచ్‌ల్లో ఏడు గోల్స్. అమ్మేయండి వీణ్ణి అని అనని ఫ్యాన్ లేడు, అప్పట్లో అందులో నేనూ ఉన్నా, సిగ్గుతో ఒప్పుకుంటున్నా. తర్వాత 40, 40, 45, వరసగా మూడు సీజన్ల గోల్స్ ఇవి. మాట ఎప్పుడు మార్చుకోవాలో ముందే రాసిపెట్టుకుంటే మంచిది, ఉదాహరణకి ఇన్ని మ్యాచ్‌ల్లో ఇలా ఆడితే నేను తప్పని ఒప్పుకుంటా అని. మేం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం, తేదీ వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం, మా ఆవిడ సాక్షి సంతకం.

ఇంట్లో వాదనకి మేం పెట్టుకున్న రూల్స్ ఇంకొన్ని: మ్యాచ్ అయిన రాత్రి ట్రేడ్ మాటలు ఎత్తకూడదు. అమ్మేయాలి అన్నవాడు బదులుగా ఎవర్ని తెస్తావో, వాడి జీతమెంతో, అవతలి టీమ్ ఎందుకిస్తుందో కూడా చెప్పాలి, దీంతోనే సగం గొడవలు ఆగిపోతాయి. కాంట్రాక్ట్‌లో నో-మూవ్ క్లాజ్ ఉందేమో ముందే చూస్కోవాలి, మార్నర్‌కి 2023 జులై నుంచి ఉంది, అతను సరేననకుండా ఎక్కడికీ పంపలేరు, మేమేమో అది తెలియకుండా ఓ శనివారం రాత్రంతా అతన్ని ఏడు టీమ్‌లకి అమ్మాం. ప్లేయర్ ఇంట్లోవాళ్ళ జోలికి పోకూడదు, వాళ్ళ అకౌంట్ల కింద కామెంట్లు పెట్టేవాళ్ళతో మాకు సంబంధం లేదు.

2025 జూన్ 30న వార్త వచ్చింది, ఎనిమిదేళ్ళకి 96 మిలియన్లతో సైన్ చేయించి వేగస్‌కి పంపారు, బదులుగా నికొలా రాయ్ వచ్చాడు. బావమరిది స్వీట్లు తెస్తాడనుకున్నా. తేలేదు. వచ్చి కూర్చుని టీ తాగి, "పెనాల్టీ కిల్ ఇప్పుడు ఎవరు ఆడతారు బావా" అన్నాడు.

నా 16 నంబర్ జెర్సీ అల్మారాలోనే ఉంది. ఈమధ్య బావమరిది కొత్తగా మోర్గన్ రైలీ (డిఫెన్స్‌మన్, నంబర్ 44) మీద పడ్డాడు, ఏడాదికి 7.5 మిలియన్లు, 2030 దాకా కాంట్రాక్ట్, పక్ అవతలి బ్లూ లైన్ దగ్గర పోగొట్టుకుంటున్నాడని ఒకటే గోల. మొన్న శనివారం ఫస్ట్ పీరియడ్ అవ్వగానే ఫోన్ చేశాడు, వెనక టీవీ సౌండ్ మ్యూట్‌లో ఉంది. "బావా, ఈసారి పక్ చూడట్లా, 44నే చూస్తున్నా, వాడు ఐస్ మీదకి దిగిన ఆరు సార్లూ రాశా" అన్నాడు. ఏం కనిపించిందిరా అంటే, "ఇంకో పీరియడ్ ఆగు" అని పెట్టేశాడు.